నోటికి రుచి తెలుస్తలేదు!

యథార్థ గాథ

(ఇందులోని ముగ్గురు రోగులూ ఫలానా వ్యక్తులు కారు. రుచి పోయినవాళ్లు చెప్పుకునే మాటల నుంచి, పడే అవస్థ నుంచి అల్లిన పాత్రలు. అందుకే పేర్లు లేవు. ఊళ్లు, తేదీలు, మందులు, వైద్యం మాత్రం ఉన్నవి ఉన్నట్టే.)

"ఏందే, చారుల ఉప్పెయ్యలేదా?"

"ఏసిన."

"మరి చింతపండు? ఉత్త ఉడుకునీళ్లు తాగినట్టుంది."

ఆమె గరిటెతో కాస్త చారు అరచేతిలో పోసుకుని చప్పరించింది. ఉప్పు సరిపోయింది. పులుపూ సరిపోయింది. ఎల్లిగడ్డ పోపు వాసన వీధి గుమ్మం దాకా వస్తోంది. కంచం ముందున్న మనిషి మాత్రం ఆ వాసన తనకు తగలడం లేదన్న సంగతే గమనించలేదు. "నీకు వంట మీద సోయి లేదు" అని కంచం పక్కకు నెట్టి లేచాడు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

2020 ఏప్రిల్ మూడో వారం, సూర్యాపేట. లాక్‌డౌన్‌తో జాతీయ రహదారి బోసిపోయింది. కూరగాయల మార్కెట్ చుట్టూ మొదలైన కరోనా కేసులు జిల్లాలో 80 దాటుతున్నాయి. పరిస్థితి చూడటానికి రాష్ట్ర ప్రధాన కార్యదర్శి, డీజీపీ స్వయంగా ఊరికి వచ్చారు. వీధి వీధికీ కర్రలు కట్టారు. కంచం నెట్టేసిన ఆ మనిషి కూడా మార్కెట్‌లో టమాటా గంపలు దించేవాడే.

మర్నాడు ఆశా కార్యకర్త గుమ్మం ముందు నిలబడి అడిగింది. జ్వరం ఉందా? లేదు. దగ్గు? లేదు. ఆయాసం? లేదు. ఆమె రాసుకుని పక్కింటికి వెళ్లింది. రుచి గురించి ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. అడగకపోవడం ఆమె తప్పు కాదు. అప్పటికి మన దేశపు లక్షణాల జాబితాలో ఆ మాటే లేదు. బ్రిటన్‌లో చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం వాసన పోవడం కరోనా గుర్తు కావచ్చని మార్చిలోనే హెచ్చరించింది. అమెరికా ఏప్రిల్ చివర్లో దాన్ని తన జాబితాలో చేర్చింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ వాసన, రుచి కోల్పోవడాన్ని లక్షణాల్లో చేర్చింది జూన్ 13న.

ఆ ఇంట్లో ఇంటర్ చదివే కూతురుకు అనుమానం వచ్చింది. తెలిసినవాళ్ల ద్వారా ఒక ఈఎన్‌టీ డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన వంటింటి సరుకులతోనే పరీక్ష పెట్టించాడు.

"మీ నాయినను ముక్కు గట్టిగ మూసుకోమను. బెల్లం ముక్క నాలుక మీద పెట్టు."

"తియ్యగ ఉందంటున్నడు సార్."

"నోరు పుక్కిలించినాక ఉప్పు పెట్టు. తర్వాత నిమ్మరసం. కాకరకాయ ముక్క ఆఖరికి."

ఉప్పు ఉప్పగా తెలిసింది. పులుపు తెలిసింది. చేదుకు ముఖం చిట్లించాడు.

"ఇప్పుడు యాలక్కాయ నమలమను. నమిలేటప్పుడు ముక్కు వదలమను."

ఆయన నమిలాడు. ముక్కు వదిలాడు. ఇంకా నమిలాడు. "గట్టి గింజ ఏదో నమిలినట్టుంది బిడ్డా. గంతే."

"మీ నాయిన నాలుక బాగనే ఉందమ్మా. పోయింది వాసన. వెంటనే టెస్టు చేయించండి."

రుచి పోయిందని వచ్చేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. నాలుక సొంతంగా గుర్తుపట్టేవి కొన్నే: తీపి, పులుపు, ఉప్పు, చేదు. వీటికి తోడు జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో గుర్తించిన ఉమామి. మాంసం పులుసులో, పండిన టమాటాలో ఉండే కమ్మదనం అది. యాలకుల పరిమళం, కొత్తిమీర కమ్మదనం, నెయ్యి ఘుమఘుమ మనకు తెలిసేది నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కే ఆవిరితో. ముక్కు పని చేయకపోతే చారుకూ ఉప్పు కలిపిన చింతపండు నీళ్లకూ తేడా ఉండదు. కారం అసలు రుచే కాదు, మంట. దాన్ని మోసేది వేరే నరం. మిరపకాయ మంటను పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి దక్కింది. అందుకే ఈ మనిషికి అన్నీ చప్పబడ్డా, పచ్చిమిరపకాయ కొరికితే మాత్రం కళ్ల నీళ్లు కారాయి.

పరీక్షలో పాజిటివ్ వచ్చింది. అప్పటి పద్ధతి ప్రకారం హైదరాబాద్ గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఊపిరితిత్తులకు ఏమీ కాలేదు, క్షేమంగా ఇల్లు చేరాడు. ముక్కులో వాసన పట్టే కణాలకు ఆసరాగా ఉండే కణాలను ఈ వైరస్ దెబ్బతీస్తుంది. అవి కోలుకుంటే వాసన తిరిగి వస్తుంది. చాలామందికి వారాల్లో వచ్చింది. ఈయనకు నెలలు పట్టింది. మధ్యలో ఒక వింత దశ: ఉల్లిగడ్డ వేయిస్తే టైరు కాలిన కంపు! పిచ్చి పట్టిందేమోనని భార్య భయపడింది. అది పిచ్చి కాదు. తెగిన తీగలు మళ్లీ అతుక్కునే వేళ వాసనలు ఇలా తలకిందులు కావడం వైద్యులకు తెలిసిన సంగతే.

చుట్టుపక్కలవాళ్లు జింక్ గోలీలు డబ్బాల కొద్దీ కొన్నారు. ఒంట్లో జింక్ తక్కువైనవాళ్లకు వాటితో మేలు జరుగుతుంది. అందరికీ కాదు. 1976లో అమెరికాలో హెన్‌కిన్ బృందం రుచి, వాసన చెడిన 106 మందిపై చేసిన పరీక్షలో జింక్‌కూ ఉత్తుత్తి గోలీకీ తేడా కనిపించలేదు. డాక్టరు ఈయనకు చెప్పింది ముక్కుకు కసరత్తు. గులాబీ, నీలగిరి తైలం, నిమ్మ, లవంగం. ఒక్కో వాసనను ఉదయం, సాయంత్రం నెమ్మదిగా పీల్చడం, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకోవడం. జర్మనీలో థామస్ హమ్మెల్ బృందం 2009లో 12 వారాలు చేయించి, మేలు ఉందని చూపిన పద్ధతి ఇది. ఖర్చు లేదు, ఓపిక కావాలి. ఇంట్లో ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. గ్యాస్ లీకైనా, కూర పాచిపోయినా ఆయనకు తెలియదు కనుక పొయ్యి, మిగిలిన కూరలు చూసే బాధ్యత కూతురు తీసుకుంది.

కోదాడ: "అక్కా, చట్నీ ఉప్పు కషాయం!"

కోదాడలో బండి మీద ఇడ్లీ, దోసె అమ్మే ఆమెకు యాభై దాటాయి. ఆమె పల్లీ చట్నీ కోసమే పొద్దున్నే వచ్చే లారీ డ్రైవర్లున్నారు. ఒకరోజు ఒకాయన ప్లేటు వెనక్కి ఇచ్చాడు. "ఏందక్కా, ఉప్పు కషాయం!" మర్నాడు ఇంకో ఇద్దరు అదే మాటన్నారు. ఆమెకేమో ఎంత ఉప్పేసినా తెలియడం లేదు. నోట్లో ఏదో ఇనుప ముక్క పెట్టుకున్నట్టుంది. నాలుక మంట, పెదవి లోపల పుండ్లు.

"వేడి చేసింది అత్తమ్మా, మజ్జిగ తాగు" అంది కోడలు. సబ్జా గింజలు నానేసి తాగించింది. మందుల దుకాణంలో బి-కాంప్లెక్స్ ఇచ్చారు. వారం గడిచింది. ఇప్పుడు ఇడ్లీ మింగడమే కష్టమైంది. ఒళ్లు వెచ్చబడింది. అప్పుడు కోడలే ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. నాలుక ఎర్రగా, నున్నగా ఉంది. మామూలుగా గరుకుగా ఉండాల్సిన బుడిపెలు అరిగిపోయినట్టున్నాయి. బుగ్గల లోపల పుండ్లు. పళ్లు, చిగుళ్లు చూసింది. తెల్లటి పూత ఉందేమోనని చెక్కతో గీకి చూసింది. ఆస్తమాకు పీల్చే మందు వాడేవాళ్లలో, షుగరున్నవాళ్లలో ఆ బూజు పట్టి రుచి చెడుతుంది. అది లేదు.

"ఏమేం గోలీలు మింగుతున్నవమ్మా?"

"బీపీది ఒకటి. కీళ్లవాతానికి ఒకటి."

"నోటితో చెప్పొద్దు. గోలీల సంచి తెచ్చినవా?"

కోడలు చేతిసంచీ బల్ల మీద కుమ్మరించింది. డాక్టరమ్మ ఒక్కో పత్తా తిప్పి చూసింది. ఏ ఆసుపత్రికైనా ఈ సంచీ తీసుకెళ్లాల్సిందే. ఎందుకంటే నోటిని మార్చే మందులు చాలా ఉన్నాయి. విరేచనాలకూ పంటి చీముకూ రాసే మెట్రోనిడజోల్‌తో నోరు ఇనుము తిన్నట్టవుతుంది. క్లారిథ్రోమైసిన్‌తో చేదు. బీపీకి వాడే క్యాప్టోప్రిల్‌తో రుచి మందగించవచ్చు. షుగరు గోలీ మెట్‌ఫార్మిన్‌తోనూ కొందరికి లోహపు రుచి వస్తుంది. అలాగని సొంతంగా మానేస్తే బీపీ, షుగరు పెరిగి అసలుకే మోసం. చెప్పి మార్పించుకోవాలి.

డాక్టరమ్మ చేయి పసుపుపచ్చని చిన్న గోలీ పత్తా దగ్గర ఆగింది. మెథోట్రెక్సేట్.

"ఇది ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నవమ్మా?"

"రోజూ పొద్దున, టిఫిన్ అయినంక."

"ఎన్నాళ్ల నుంచి?"

"కొత్త చీటీ రాసిచ్చిన కాడ్నించి. మొదలు వారానికోసారి వేసుకునేదాన్ని. నొప్పులు తగ్గకపోతే రోజూ వేసుకోమన్నరనుకున్న."

డాక్టరమ్మ ఇంకేం మాట్లాడలేదు. వెంటనే రక్తపరీక్షకు రాసింది, ఆసుపత్రిలో చేర్చుకుంది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారంలో ఒకే ఒక్క రోజు వేసుకోవాల్సిన మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని, తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోయి ప్రాణం పోవచ్చు. ప్రపంచమంతటా ఈ పొరపాటుతో ప్రాణాలు పోయాయి. నోటి పుండ్లు, నోరు చెడటం దాని తొలి హెచ్చరిక. కోదాడ అక్కకు ఆ హెచ్చరిక చట్నీలో వినిపించింది.

రిపోర్టు వచ్చింది. కణాలు పడిపోయాయి, ఇంకా అందరాని లోతుకు పోలేదు. ఫోలినిక్ యాసిడ్ సూదులు మొదలుపెట్టారు. ఆమెను దెబ్బతీసిన మెథోట్రెక్సేట్ వెనక ఒక తెలుగువాడి జీవితం ఉంది.

1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు సోదరులు ఇద్దరిని స్ప్రూ జబ్బు కొద్ది రోజుల తేడాతో మింగేసింది. నాలుక పుండుపడి, తిన్నది ఒంటపట్టక మనిషి శుష్కించిపోయే జబ్బు అది. ఆ దుఃఖం మోస్తూనే మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే సంస్థలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూకు విరుగుడైన విటమిన్ అదే. ఆ విటమిన్‌ను అడ్డుకునే మందులూ అక్కడి నుంచే వచ్చాయి. వాటిలో ఒకదానితో సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో పిల్లల రక్త క్యాన్సర్‌కు వైద్యం చేసి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశాడు. కోదాడ ఆసుపత్రి మంచం మీద ఆమెను దెబ్బతీసిన మందూ, ఆమె వాడాల్సిన విటమిన్ గోలీ కూడా ఆయన బృందం శ్రమ నుంచి పుట్టినవే.

వారం తర్వాత పుండ్లు మానడం మొదలైంది. మెథోట్రెక్సేట్ శాశ్వతంగా మాన్పించలేదు; ఆపి ఉంచి, కణాలు కోలుకున్నాక వారానికి ఒక్క రోజుగా సరిచేశారు. ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు కోడలు పత్తా మీద పెన్నుతో రాసింది. మెథోట్రెక్సేట్ వేసుకోని రోజుల్లో ఫోలిక్ యాసిడ్ వేసుకోమన్నారు. ఉప్పు విషయంలో కోడలిదే తీర్పు. చట్నీ రుచి చూసి "చాలు అత్తమ్మా" అనే దాకా ఆమె ఇక డబ్బా ముట్టలేదు.

మిర్యాలగూడ: "కరెంటు పెట్టించుకున్నంక అన్నం మట్టి లెక్కుంది"

సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యమవుతాయి. బాయిలర్ పక్కన నానబెట్టి ఉడికించిన వడ్ల వాసన ఆ ఊరి గాలిలోనే ఉంటుంది. ఆ మిల్లుల్లో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి చెంపలో పుండు లేచింది. గుట్కా ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉండేది. నెలలు ఆలస్యం చేసి చూపించుకుంటే క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పంపారు. ఆపరేషన్ అయ్యాక కరెంటు. రేడియేషన్‌ను మన జనం అలాగే అంటారు. వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు వారాలు.

రెండో వారం దాటాక రుచి పోవడం మొదలైంది. ఎందుకు పోతుందో తెలిస్తే ధైర్యం వస్తుంది. నాలుక మీది రుచి మొగ్గల కణాలు కొద్ది రోజులకోసారి పాతవి పోయి కొత్తవి పుడుతుంటాయి. క్యాన్సర్ కణాన్ని కొట్టే కిరణం వాటినీ కొడుతుంది. లాలాజల గ్రంథులు ఎండిపోతే, కరగని తిండి రుచి మొగ్గను చేరదు.

భార్య అవేవీ ఎరగదు. ఆసుపత్రి దగ్గర అద్దెగదిలో చిన్న స్టవ్ మీద ఆయనకు ఇష్టమైన చేపల పులుసు చేసింది. ఒక ముద్ద పెట్టుకున్నాడు. ఉమ్మేశాడు. "మట్టి లెక్కుంది. తీసెయ్."

"రెండు ముద్దలన్న తినయ్యా. పిల్లల మొకం చూసన్న తిను."

"నీకు చెప్తే అర్థమైతలేదా?" అని అరిచాడు. ఆమె గిన్నె మూసింది. ఆ రాత్రి ఆమె కూడా తినలేదు. తిండి మానేసిన రోగి మొండికేశాడనుకుంటారు ఇంట్లోవాళ్లు. రోగి మొండికేయలేదు. ఆయన ముందు పెట్టిన అన్నం ఆయనకు అన్నంలా లేదు. ఈ ఒక్క మాట ఇంటిల్లిపాదికీ ముందే చెప్పి ఉంటే ఎన్ని కన్నీళ్లు ఆగేవో!

మూడో వారంలో బరువు చూస్తే నాలుగు కిలోలు తగ్గింది. ఇలాగే తగ్గితే ముక్కులో గొట్టం వేయాల్సి వస్తుందని, చికిత్స మధ్యలో ఆగితే ప్రమాదమని హెచ్చరించారు. ఆహారం చూసే ఆమె భార్యాభర్తలిద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇప్పుడు రుచి కోసం తినొద్దన్నా. మందు అనుకుని తిను. గంటకోసారి, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం."

ఆమె చెప్పినవన్నీ వంటింటి పనులే. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి తినే ముందు పుక్కిలించడం. స్టీలు చెంచాకు బదులు ప్లాస్టిక్ చెంచా, స్టీలు గిన్నెకు బదులు పింగాణీ. మాంసం లోహపు రుచి కొడితే దాని బదులు గుడ్డు, పాలు, పెసరపప్పు. వేడి వేడి కూర వాసన వికారం తెస్తే చల్లారిన తర్వాత తినడం. పెరుగన్నం మెత్తగా పిసికి, జీలకర్ర పొడి చల్లి. పుండ్లు ఉన్నన్నాళ్లు పులుపు, కారం బంద్. మానాక నిమ్మరసం కొద్దికొద్దిగా. ఈ వారం నచ్చనిది రెండు వారాలాగి మళ్లీ పెట్టి చూడటం. బరువు వారం వారం రాసుకోవడం.

"చికెన్, చాపలు మానేసి మా ఇంటాయన బతుకుతడా?" అంది భార్య.

"బతికినంక తింటడు లే చెల్లె" అంది ఆమె.

ప్రపంచంలో పేరున్న వంటవాడికీ ఈ కష్టం తప్పలేదు. చికాగోలో అలీనియా అనే రెస్టారెంట్ నడిపే గ్రాంట్ అకట్జ్‌కు 2007లో నాలుక క్యాన్సర్ వచ్చింది. ముదిరిన దశ. నాలుక తీసేయకుండా కీమో, రేడియేషన్‌తో వైద్యం చేశారు. రుచి పూర్తిగా పోయింది. అయినా వంట ఆపలేదు, తోటివాళ్ల నాలుకను నమ్ముకుని పనిచేశాడు. రుచులు ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. ముందు వచ్చింది తీపి.

మిర్యాలగూడ మనిషికీ నెలల మీద వచ్చింది. అందరికీ పూర్తిగా రాదు. కొందరికి ఏడాదీ పడుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. ఆయన గుట్కా ముట్టడం లేదు. మిల్లులో తోటివాళ్ల జేబుల్లో కనిపిస్తే లాక్కుని పారేస్తున్నాడు.

అడగాల్సినవి అడగాలి

ఈ మూడు కథల్లోనూ జబ్బులు వేరు, మొదటి మాట ఒకటే. ముగ్గురి విషయంలోనూ ఆ మాటను మొదట ఇంటి తగువుగానో, వంట లోపంగానో, వేడి చేయడంగానో తీసుకున్నారు. నష్టం జరిగింది అక్కడే. జ్వరం వచ్చిందంటే మన చేయి నుదుటి మీదికి పోతుంది. రుచి పోయిందంటే కూడా అలాగే ప్రశ్నలు నోటికి రావాలి. రుచి అసలు తెలియడం లేదా, తగ్గిందా, మారిందా, ఏమీ తినకపోయినా నోట్లో ఏదో రుచి ఉంటోందా? ఎప్పటి నుంచి, ఒక్కసారిగానా, మెల్లమెల్లగానా? వాసన తెలుస్తోందా? కొత్తగా ఏ మందు మొదలైంది? జలుబు, పంటి నొప్పి, చెవి ఆపరేషన్, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నాయా? నాలుక ముందు భాగం రుచిని మోసే నరం చెవి మధ్య నుంచి పోతుంది కాబట్టి చెవి మాట అడగాలి. కిడ్నీలు దెబ్బతిన్నవారి నోరు అమ్మోనియా కంపు కొడుతుంది కాబట్టి క్రియాటినిన్ చూడాలి. రుచితో పాటు మూతి వంకరపోయినా, మాట తడబడినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ముసలివాళ్ల సంగతి మరీ ముఖ్యం. కూరలో ఉప్పు లేదంటూ చేతిలో ఉప్పు పోసుకునే బీపీ రోగి, చాయ్ తియ్యగా లేదంటూ చక్కెర అడిగే షుగరు రోగి చాదస్తపు మనుషులు కారు. వాళ్లకు నిజంగానే తెలియడం లేదు. కసిరితే మాట దాచుకుంటారు, ఉప్పు మాత్రం మానరు. కొత్తిమీర, వేయించిన జీలకర్ర, నిమ్మతో రుచి పెంచి ఉప్పు తగ్గించవచ్చు.

సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. చూపించుకోవడానికి దారి దగ్గరైంది. మిగిలింది అడగడం. వార్డులో బీపీ, జ్వరం, నాడి రాసే కాగితంలో ఇంకో గడి గీసి "నోటికి రుచి ఎట్లుంది?" అని రాసుకోవచ్చు. గ్రామాల్లో తిరిగే ఆశా అక్కల ప్రశ్నల్లో అదొకటి చేర్చవచ్చు. దీనికి యంత్రం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఆ ప్రశ్న ముందే అడిగి ఉంటే కోదాడ ఆమె గోలీల సంచీ వారం ముందే డాక్టరు బల్ల మీద తెరుచుకునేది.